పళ్ళ డాక్టరు వదిలేసిన మొక్కలు

డాక్టర్ వైవోద్స్ క్లినిక్ మూసేసి రీగా వెళ్ళిపోయిన రోజు
కుర్చీ లారీ ఎక్కింది, దీపం ఎక్కింది,
గోడమీది దవడ బొమ్మని కూడా కాగితంలో చుట్టారు.
కిటికీలో మూడు కుండీలు మిగిలాయి.
"పారెయ్ వెల్టా" అన్నాడు.
పారెయ్యడమే నా ఉద్యోగం.
పద్దెనిమిదేళ్ళుగా దూదీ నెత్తురూ పంటిముక్కలూ పారేశాను.
ఆ రోజు మాత్రం చెయ్యి రాలేదు.

పళ్ళ డాక్టరు గదిలో పళ్ళున్న మొక్క!
ఆయన హాస్యం అంతవరకే.
సూది కోసం భయంగా కాచుకున్న ప్రతివాడూ
దాని నోట్లో వేలు పెట్టి చూశాడు.
మూసుకునేది పాపం. లోపల ఏమీ లేదని తెలిసి
మర్నాటికి మళ్ళీ తెరిచేది.
ఒక్కో నోటికీ కొన్ని మూతలే రాసిపెట్టి ఉంటాయని
మాలో ఎవరికి తెలుసు?
రిసెప్షన్‌లో జింత్రా జాలిపడి హామ్ ముక్క తినిపించేది.
నేను పుక్కిలించే గ్లాసుతో కుళాయి నీళ్ళు పోసేదాన్ని,
రోజూ, ఒక్క పూటా తప్పకుండా.
పట్టించుకోలేదని ఎవరూ మమ్మల్ని అనలేరు.

ఇంటికొచ్చాక చూస్తే
ఆకులు అగ్గిపుల్లల్లా నల్లగా,
కుండీ అంచు చుట్టూ తెల్లటి గార,
పళ్ళకి పట్టేలాంటిదే.

సంతలో క్రాన్‌బెర్రీలమ్మే ఒంతోన్స్ మట్టి వాసన చూశాడు.
"ఎరువేశావా?"
"వేశాను. బలానికి."
"అదే దీని రోగం" అన్నాడు.
"మా ఊబిలో దీని చుట్టం ఉంది, ఎర్రటిది,
ఒళ్ళంతా జిగురు చుక్కలు.
అక్కడి నేల దగ్గర పెట్టడానికేం లేదు.
నేల పెట్టదు కాబట్టే ఇవి నోళ్ళు తెచ్చుకున్నాయి.
పేదమట్టి వెయ్యి. వాననీళ్ళు పొయ్యి.
చలికాలం నిద్రపోనీ.
ఇంకేం చెయ్యకు. నీకు అదే కష్టం."

నిజమే, కష్టమే.
వేళ్ళు కడిగాను, పసిపిల్ల జుట్టు విడదీసినట్టు.
చూరు కింద బకెట్ పెట్టాను.
వాన లేని వారం
బాల్కనీలో మంచు గిన్నెకెత్తి కరిగించాను.
డిసెంబరులో తడినాచు చుట్టి ఫ్రిజ్‌లో పెడితే
బొలెస్లావ్స్ అరిచాడు:
"హెరింగ్ చేప పక్కన శవమేమిటే!"
"నిద్రపోతోంది, తలుపు మెల్లిగా వెయ్యి" అన్నాను.
ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో
ఆయన మెల్లిగా వేసిన తలుపు అదొక్కటే.

కూజా మొక్క బతకలేదు.
దాని ఎండిన కూజాలో ఎవరో నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్, గులాబీ రంగుది.
మూడో కుండీలో ఏముండేదో ఇప్పటికీ తెలీదు.

మార్చి చివర, నల్లటి ఆకుల నడుమ
ఉల్లిపాయ నడిమి పొరలాంటి తెలుపు.
దాన్నుంచి ఒక పచ్చటి చివుర,
చివుర కొసన నువ్వుగింజంత నోరు,
ఇంకా తెరవనిది.
ఏప్రిల్లో పూలకాడ లేచింది.
ఇంత నీరసంలో పూత వద్దు, తుంచెయ్యమన్నాడు ఒంతోన్స్.
కత్తెర పట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాను.
తుంచాను.
గ్లాసులో పెట్టి మూడు రోజులు దాని మొహం చూడలేదు.

ఈ వేళ మే నెల మొదటి ఎండ.
పేపరు చుట్టి ఈగల్ని కొట్టే మనిషి
కిటికీ రెక్కలు తనే బార్లా తెరిచాడు.
ఒకటి వచ్చింది. నల్లది, లావుపాటిది.
గ్లాసు మీద వాలింది, రొట్టె మీద వాలింది,
ఆయన బట్టతల మీద కూడా వాలింది.
కదల్లేదు ఆయన.
చివరికి ఎర్రబడ్డ ఆ చిన్న నోటి అంచుకి దిగింది.
లోపల వెంట్రుకలున్నాయి. ఒక్కసారి తగిలితే మొక్క నమ్మదు,
గాలో వానచుక్కో అనుకుంటుంది.
వెంటనే రెండోసారి తగలాలి.
కాలు చాపింది ఈగ.
"ఒకటి" అన్నాడు బొలెస్లావ్స్,
గొంతు బయటికి రాకుండా.